కొడగుసీమలో తుపాకుల పండుగ

భోషాణము, ఇత్తడి గుండిగ, గంధపు పెట్టె, తాతల నాటి పడకకుర్చీ — ఇట్టి పాతవస్తువు ఒక్కటియైన లేని యిల్లు మన దేశమున అరుదు. వానిని ఉంచుకొన్నను, అమ్మివేసినను ఇంటిలోనివారు నాలుగు మాటలు అనుకొని ఊరకుందురు. కాని పెద్దలు విడిచిపోయిన వస్తువు తుపాకి యైనచో సంగతి వేఱు. దానిని అటకమీద పడవేయుటకు వీలులేదు. సంతలో అమ్ముటకు వీలులేదు. ప్రక్కయింటివారికి ఊరక యిచ్చుటకును వీలులేదు. 2022వ సంవత్సరమున మా మామగారు పరమపదించిన పిమ్మట ఈ చిక్కు మాకు వచ్చిపడినది. అది విడిపోయినది మా యూరిలో కాదు, ఆఱువందల కిలోమీటర్ల దూరముననున్న కొడగుసీమలో. ఆ ప్రయాణపు ముచ్చట సోదరీమణులకు చెప్పవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా యూరు కర్నూలు సీమలో నల్లమల యడవి అంచున ఉన్నది. మామగారి తండ్రిగారు స్వరాజ్యము రాక పూర్వమే ఆ తుపాకిని కొనిరట. అప్పటికే అది పాతదట. రెండు గొట్టములు ప్రక్కప్రక్కన అమర్చిన పన్నెండు బోరు తుపాకి అది. బోరనగానేమో మేము చాలకాలము ఎఱుగము. గొట్టపు రంధ్రమునకు సరిపోవు సీసపు గుండ్లు ఎన్ని కలిసి ఒక పౌను తూగునో ఆ సంఖ్యయే బోరు. కావున సంఖ్య పెరిగినకొలది గొట్టము సన్నమగును.

పూర్వము అడవిపందులు చేలమీద పడినను, చుట్టములు వచ్చినను, పండుగ వచ్చినను ఆ తుపాకి గోడ దిగెడిదట. 1972వ సంవత్సరమున వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది. మామగారు చట్టమునకు లోబడిన మనిషి. తుపాకిని గోడకు తగిలించి మరల వేటకు దింపలేదు. 1983లో నల్లమల పులుల సంరక్షణ ప్రాంతమైనది. ఆ తరువాత మా యూరివారు అడవిని గూర్చి మాట్లాడు తీరే మారిపోయినది. లైసెన్సు మాత్రము తప్పక తిరుగవ్రాయించుచు, ఏటేట మహానవమినాడు తుపాకిని దింపి, ఆయుధపూజలో పసుపుకుంకుమలు పెట్టి, మరల యథాస్థానమున ఉంచెడివారు. ఇట్లు ఏబదియేండ్లు గడచినవి.

లైసెన్సు మనిషితో పోవును. మనిషి పోయిన వెనుక ఆ తుపాకి ఎవరి యింటనున్నను లైసెన్సులేని తుపాకియే. 1959వ సంవత్సరపు ఆయుధముల చట్టమును బట్టి వారసులు దానిని ఆలస్యము చేయక పోలీసు స్టేషనునందో, లైసెన్సుగల వర్తకుని వద్దనో అప్పగించి రసీదు పొందవలెను. తరువాత ఇంటిలో ఎవరైన లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకొని తిరిగి తెచ్చుకొనవచ్చును. లేదా అర్హతగలవారికి అమ్మవచ్చును. మా వారు పదునైదవ దినము కాగానే నగరములోని ఒక వర్తకుని వద్ద దానిని అప్పగించి వచ్చిరి.

ఆ వర్తకుడు వృద్ధుడు, అనుభవశాలి. తుపాకిని నడుమ విరిచి, గొట్టములను వెలుతురునకెత్తి చూచి, "ఇది మెలిక గొట్టము. దీనిని పేల్చరాదు" అని చెప్పెనట. ఇనుపబద్దలను ఉక్కుబద్దలను కలిపి, జడవలె మెలిపెట్టి, కడ్డీచుట్టు చుట్టి, కాల్చి, సుత్తెతో కొట్టి అతికిన గొట్టమునకు డమాస్కసు గొట్టమని పేరు. దానిపై పట్టుచీర నేతవంటి అలల చాఱలు కనబడును. చూచుటకు మిక్కిలి అందముగానుండును. 19వ శతాబ్దమున ఇట్టివి విరివిగా చేసిరి. అవి నల్లమందుకు తగినవి. నేడు దుకాణములలో సాధారణముగా దొరకు తూటాలు పొగలేని మందుతో చేసినవి. వాని యొత్తిడి వేఱు. పాత అతుకులలో కంటికి కానరాని తుప్పున్నచో గొట్టము పగిలి పేల్చువాని చేయియే పోవచ్చును.

ఇంగ్లాండులోని బర్మింగుహాము పట్టణమున తుపాకి గొట్టములను పరీక్షించు శాల 1813లో చట్టముమూలమున ఏర్పడినది. అచ్చట మామూలుకంటె హెచ్చు మందు పెట్టి పేల్చి, గొట్టము నిలిచినచో ముద్ర వేయుదురు. మా తుపాకిమీద ఆ శాల ముద్ర ఉన్నది గాని, పొగలేని మందుకు పరీక్షించినట్లు తెలుపు ముద్ర లేదు. అదిగాక గొట్టములమీద అక్కడక్కడ వ్రేలిముద్రలంత గుంటలు పడియుండెను. అవి ఏమిచేత పడినవో వర్తకునకును తెలియలేదు.

ఇంటిలో మూడు మతము లేర్పడినవి. పిల్లలు తిరుగు ఇంట తుపాకి వలదని మా వారు. దానిని తళతళలాడునట్లు బాగుచేయించి హాలులో వ్రేలాడదీయవలెనని మా మఱిది. ఇంతలో దూరపు బంధువొకరు, చేలకు పందులబాధ మెండుగానున్నది, లైసెన్సు తమకున్నది, మంచి వెల యిత్తుమని కబురంపిరి. అత్తగారు మాత్రము నోరు విప్పలేదు. ఎనుబది యేండ్ల ముసలమ్మ, భర్త వస్తువు. ఆమె మౌనమును మేమందఱము మమకారమని యెంచి, వ్యవహారమును వాయిదా వేయుచు వచ్చితిమి. అట్లు ఏడాది గడచినది.

అట్టి సమయమున, పూర్వము మా వారితో ఒకే ఆఫీసులో పనిచేసిన కొడగు మిత్రుని యింటినుండి పిలుపు వచ్చినది. 2023వ సంవత్సరము సెప్టెంబరు 3వ తేదీన వారి కైల్‌పోళ్దు పండుగ. ఆయుధములకు చేయు పండుగయని విని అత్తగారు తమంతట తామే, "నేనూ వస్తా" ననిరి. మాకు ఆశ్చర్యమైనది.

బెంగళూరు వఱకు రైలులో పోయి, అచ్చటినుండి మైసూరు చేరి, మఱునాడు కారులో హుణసూరు మీదుగా గోణికొప్పలు త్రోవ పట్టితిమి. హుణసూరు దాటిన కొంతదూరమునకు రోడ్డు అడవిలో ప్రవేశించును. అది నాగరహొళె యడవి. పూర్వము మైసూరు మహారాజులు వేటాడిన చోటు. 1999 నుండి పులుల సంరక్షణ ప్రాంతము. రోడ్డు ప్రక్కన వెదురుపొదల చాటున జింకలు గుంపుగా నిలిచి, కారును చూచియు బెదరక మేయుచుండెను. అత్తగారు కిటికీలోనుండి వానిని చాలసేపు చూచి, "మన నల్లమలలో ఇంత దగ్గరగా ఎన్నడూ నిలబడలే" దనిరి. తుపాకి మ్రోతకు ఎడమైన మృగము మనిషికి చేరువగుట సహజమేగదా అనుకొంటిమి.

అడవి దాటగానే కాఫీతోటలు. సన్నని తుంపర పడుచునేయున్నది. ఎత్తైన చెట్ల నీడలో కాఫీ మొక్కలు; ఆ చెట్లబోదెలను పట్టి ప్రాకిన మిరియపు తీగలు; లోయలలో అప్పుడే నాట్లు ముగిసిన వరిమళ్లు. కాఫీకాయ ఇంకను పచ్చిది. పండి యెఱ్ఱబాఱుటకు ఇంకను రెండుమూడు మాసములు పట్టును. గాలిలో తడిమట్టివాసనతో ఏలకుల వాసన కలిసియుండెను.

మిత్రుల యింటివారు మమ్ము తమ వంశపు పెద్దయింటికి తోడుకొనిపోయిరి. దానిని వారు ఐన్‌మనె యందురు. ఒక వంశమువారిని ఒక్క యందురు. ఆ వంశమువారందఱు ఎచ్చట కాపురమున్నను పండుగకు ఆ యింటికి చేరవలసినదే. ముందు చెక్కడపు స్తంభముల వసారా. స్తంభముల నడుమ కూర్చుండుటకు ఒకే మ్రానుతో చేసిన వెడల్పాటి పలక. లోన నడుమ సావడిలో పెద్దలపేర నిత్యము వెలిగించు వ్రేలాడు దీపము. ఆ సావడిని నెల్లక్కి నడుబాడె యందురు. ప్రక్కన పూజగది.

కొడవ స్త్రీల చీరకట్టు మనకు వింతగా తోచును. కుచ్చిళ్లు ముందుకుగాక వెనుకకుండును. కావేరీదేవి అగస్త్యుని విడిచి నదియై పాఱినప్పుడు ఆ ప్రవాహపు వడికి స్త్రీల కుచ్చిళ్లు వెనుకకు తిరిగినవని వారి పురాణకథ. కావేరి పుట్టినది ఆ సీమలోని తలకావేరియందే గావున ఆ తల్లి ప్రస్తావన వారి ప్రతి మాటలోను వచ్చును.

ఆ సీమలో ఇంటింట తుపాకి యుండుట చూచి మేము విస్తుపోయితిమి. దానికి చరిత్రము కలదు. 1834లో ఇంగ్లీషువారు కొడగురాజును తొలగించి దేశమును స్వాధీనము చేసికొనిరి. సిపాయీల తిరుగుబాటు తరువాత దేశమంతట ప్రజలనుండి ఆయుధములు తీసికొన్నప్పుడు, 1861లో కమిషనరు మార్కు కబ్బను కొడవలకు ఆ చట్టమునుండి మినహాయింపు నిచ్చెను. స్వరాజ్యము వచ్చిన పిమ్మటను అది నిలిచినది. కొడవలకును, జమ్మా యను పురాతనపు హక్కుతో భూమి ననుభవించువారికిని లైసెన్సు అక్కఱలేదు. ప్రభుత్వము మినహాయింపు పత్రమిచ్చును. 2019లో కేంద్రప్రభుత్వము దీనిని 2029వ సంవత్సరము అక్టోబరు 31వ తేదీవఱకు పొడిగించినది. ఇది న్యాయమా యని ఒకరు కర్ణాటక హైకోర్టు కెక్కగా, 2021లో న్యాయస్థానము మినహాయింపు చెల్లుననియే తీర్పు చెప్పినది. ఈ సౌకర్యము ఆ సీమవారిది; మనకు వర్తింపదు. మనము లైసెన్సు లేక తుపాకిని ముట్టరాదు.

కైలనగా ఆయుధము. పోళ్దనగా పండుగ. వరినాట్లు ముగియువఱకు ఆయుధములను పూజగదిలో నుంచి ఎవరును ముట్టరు. అది పొలముపని కాలము. నాట్లు ముగిసిన తరువాత, ఎదుగు పైరును మృగములనుండి కాచుకొనవలసిన కాలము వచ్చును గనుక ఆయుధములను తీసి, శుభ్రముచేసి, పూజించి చేతబట్టుట ఈ పండుగ. నేడు చట్టము ఆ సీమలోను వేటను నిషేధించినది. పండుగ మాత్రము నిలిచియున్నది.

పండుగకు ముందునాటి సాయంకాలము వసారాలో చాపలు పఱచి ఆయుధములను దింపిరి. వెడల్పాటి ఒడికత్తి, నడుమున దోపుకొను పీచెకత్తి, గొట్టపుమూతినుండి మందు దట్టించు పాత తుపాకి యొకటి, ఒంటిగొట్టపు తుపాకి యొకటి. ఇంటిపెద్దగారు మొదట ప్రతి తుపాకిని తెఱచి, లోపల ఏమియు లేదని కంటితో చూచి, వ్రేలితో తడిమి, పిమ్మటనే క్రింద నుంచిరి. "ఖాళీయని తెలిసినను ఖాళీకాదనియే యెంచవలెను. మా తాతగారు నేర్పిన మొదటిపాఠ మిది" యనిరి. ఒక కుఱ్ఱవాడు కడ్డీకి నూనెగుడ్డ చుట్టి గొట్టములో ఆడించుచుండెను. ఇంటి పెద్దకోడలు అక్రోటు కొయ్యతో చేసిన మడమకు అవిసెనూనె చుక్కలుగా వేసి అరచేతితో రుద్దుచుండెను. కొయ్య వేడెక్కువఱకు రుద్దవలెనట. అప్పుడు నూనె లోనికింకును. నూనె యెక్కువైనచో బంకయగును.

అత్తగారు ఒక స్తంభమునకానుకొని కూర్చుండి చూచుచుండిరి. కొంతసేపటికి లేచి, కుఱ్ఱవాని చేతిలోని గుడ్డ తీసికొని, వానికి తెలియని భాషలో ఏమో చెప్పుచు, కడ్డీని త్రిప్పుచు లోనికి త్రోసి, త్రిప్పుచు వెలికి లాగిరి. గుడ్డకు అంటిన మసిని చూపి మరల క్రొత్తగుడ్డ చుట్టిరి. మేము నివ్వెఱపోయితిమి. ఆమె చేతులకు ఆ పని చిరపరిచితమని చూచినవారికెల్ల తెలిసిపోయినది.

మఱునాడు ఉదయము ఆయుధములను శుభ్రమైన వస్త్రముపై వరుసగా పేర్చి, గంధము నలది, తోకుపువ్వులతో అలంకరించిరి. తోకనగా వారి భాషలో తుపాకి. ఎఱుపు పసుపు కలిసి మంటనాలుకలవలె పైకి లేచిన రేకులుగల ఆ పువ్వు మన అగ్నిశిఖయే. అడవినాభి యనియు పిలుతురు. దాని దుంప విషము. ఆ పువ్వును తుపాకిమూతిలో దోపిరి. ఆ మూతిలో పువ్వున్నంతవఱకు గుండు బయటికి రాదు. గదినిండ దీపపువెలుగు, గంధపువాసన. పెద్దగారు పితరులను తలచి, ఆయుధములను ఒక్కొక్కటిగా చిన్నవారి చేతికిచ్చిరి.

పూజానంతరము విందు. కొడవల పండుగవంటలో కడంబుట్టు ముఖ్యము. బియ్యపునూకను ఉప్పువేసిన నీటిలో ఉడికించి, ముద్దచేసి మెత్తగా పిసికి, నిమ్మపండంత ఉండలుచేసి ఆవిరిపై మరల ఉడికింతురు. దానికి జత పందిమాంసపు కూర. అడవిపంది కాదు, పెంపుడు పంది. పులుపునకు చింతపండు వాడరు. కాచంపులి యను నల్లని చిక్కని రసము వాడుదురు. ఒకవిధమగు పండు రసమును తీసి, పొయ్యిమీద నల్లగా చిక్కబడువఱకు కాచి సీసాలలో నిలువచేయుదురు. రెండుచుక్కలు చాలును. మాంసము తిననివారికి అదే ఉండలు కూరగాయల పులుసుతో పెట్టిరి. వాని రుచికేమియు లోటులేదు.

మధ్యాహ్నము ఊరి మైదానమున కొబ్బరికాయ కొట్టుపందెము. ఎత్తైన చెట్టుకొమ్మకు కొబ్బరికాయ కట్టి దూరమునుండి తుపాకితో కొట్టవలెను. పురుషులతోపాటు స్త్రీలును వరుసలో నిలిచిరి. కుచ్చిళ్లు వెనుకకు కట్టిన ఒక నడివయసు గృహిణి మడమను భుజమున కానించి, ఊపిరి బిగబట్టి కొట్టగా కాయ రెండు చెక్కలైనది. పిల్లలు కేకలు వేయుచు చిప్పలకై పరుగెత్తిరి.

మా ప్రక్కన కూర్చున్న ఇంటి యజమానురాలు ఆ సమయమున తమ ఆచారములు చెప్పుచుండెను. కన్నడములో మాటాడుటచే మాకును, సరిహద్దు సీమవారమగుటచే అత్తగారికిని బోధపడినది. మగబిడ్డ పుట్టినప్పుడు ఒక్కమాఱు తుపాకి పేల్చి, ఆముదపుకొమ్మతో చేసిన చిన్నవిల్లు బిడ్డచేత నుంతురు. పుత్తరి యను కోతలపండుగనాడు తొలి వరివెన్ను కోయునపుడు పేల్చుదురు. ఇంట మరణము సంభవించినచో వెంటవెంటనే రెండుమాఱులు పేల్చుదురు.

"మా బావగారు పోయిననాడు నేను తోటలో ఉంటినమ్మా" అని ఆమె చెప్పెను. "ఒక మ్రోత వినబడినది. రెండవది రాకూడదని దేవుని వేడుకొంటిని. వచ్చినది. చేతిలోని బుట్ట అచ్చటనే దింపి ఇంటికి వచ్చితిని. త్రోవలో అన్ని తోటలనుండియు జనము బయలుదేరి వచ్చుచుండిరి. నేడు అందఱివద్ద ఫోనులున్నవి. అయినను ఆ రెండు మ్రోతలు లేనిదే చావు ఊరికి తెలిసినట్లు కాదు." అత్తగారు ఆమె చేయి పట్టుకొనిరి, ఏమియు అనలేదు.

ఆ రాత్రి వానజోరు హెచ్చినది. పడుకొన్న తరువాత అత్తగారు చీకటిలో మాట మొదలుపెట్టిరి. ఆమె మాటలు ఆమె నోట వచ్చినట్లే వ్రాయుచున్నాము.

"అమ్మాయీ, అందరూ నాకు ఆ తుపాకి మీద మమకారమనుకుంటున్నారు గదా! తుపాకి మీ మామది. దాని చాకిరీ నాది. వేటకు పొయ్యొచ్చి ఆయన పడుకునేవారు. అర్ధరాత్రి ఇరవైమందికి నేను మసాలా నూరాల. వాళ్లందరూ తిని పోయినాక తెల్లారుజామున గొట్టాల్లో కాగిన నీళ్లు పోసి కడిగి, ఆరబెట్టి, నూనెగుడ్డతో తుడిచేదాన్ని. నల్లమందు మసి ఒక్క పూటుంటే చాలు, ఇనుమును తినేస్తుందని మీ మామ అమ్మ నాకు నేర్పించింది. వేటలు పోయినాక కూడా ప్రతి దసరాకు పూజ అయిన సాయంత్రమే పసుపు తుడిచి నూనె రాసిపెట్టేదాన్ని. కండ్లకు ఆపరేషనైనాక, మోకాళ్లు పట్టుకున్నాక నా చేత కాలేదు. పూజ చేసేవాళ్లుండారు, తుడిచేవాళ్లు లేరు."

వర్తకునకు అంతుపట్టని ఆ వ్రేలిముద్రల గుంటలు మాకప్పుడు తెలిసినవి. అవి పసుపుకుంకుమల బొట్లు. తడిబొట్లు పెట్టి, అట్లే గోడకు తగిలించి, మరుసటి దసరావఱకు మేమెవ్వరము దాని వంక చూడలేదు. పూజించి పాడుచేసినవారము మేమే. ఆ పదియేండ్లలో మహానవమినాడు బొట్టు పెట్టిన చేయి తఱచుగా మాదేయని తలచుకొని చీకటిలో సిగ్గుపడితిమి.

"మఱి ఏమి చేయుద మత్తయ్యా?" అని అడిగితిమి.

"ఈళ్లింట్లో చూసినావు గదా. పండగపూటే కాదు, ఏడాదంతా తుడిచే చేతులుండాయి. చావుకూ పుట్టుకకూ దానికి పనుంది. మన ఇంట్లో దానికి పనీ లేదు, చెయ్యీ లేదు. తుడిచే చెయ్యుండే ఇంటికి పోనీ. కానీ పేల్చేవాళ్లకు మాత్రం వద్దు. ఎక్కువ డబ్బులిస్తామన్నా వద్దు. పగిలి ఒకరి కన్ను పోతే ఆ పాపం మనది."

మఱునాడు ఉదయము ఆమె ఇంటిపెద్దగారిని ఒక్క ప్రశ్న అడిగిరి: ఆ మూతిమందు తుపాకిని ఎప్పుడైన పేల్చుదురా? ఆయన తల యడ్డముగా త్రిప్పి, "అది మా ముత్తాతది. దానిని తుడుచుటయే గాని పేల్చుట లేదు. పేల్చుటకు ఒంటిగొట్ట మున్నది. వృద్ధునకు బరువు మోయు పని చెప్పుదుమా?" అనిరి. అత్తగారు నవ్విరి. ఆ ప్రయాణములో ఆమె నవ్వుట మేము చూచినది అదియే.

ఊరు చేరిన వెంటనే మా వారును మఱిదియు ఆమె మాటకు కట్టుపడిరి. బంధువునకు సంగతి విప్పి చెప్పి, వద్దని కబురంపితిమి. ఆయన కొంత నొచ్చుకొనిరి; తరువాత గ్రహించిరి. వర్తకుని మూలమున, చట్టము కోరు పత్రములన్నియు వ్రాయించి, లైసెన్సుగల ఒక వృద్ధునకు అమ్మితిమి. ఆయన పాత తుపాకుల పనితనమును మెచ్చుకొనువాడు. వానిని పేల్చువాడు కాదు. "నేటి తూటాలకు పనికిరాదు" అని అమ్మకపు కాగితముమీద వ్రాయించితిమి. వచ్చిన వెల బంధువు చెప్పినదానిలో సగమునకు తక్కువ. అన్ని అనుమతులు వచ్చి పని ముగియుసరికి సంక్రాంతి దాటినది.

అమ్ముటకు ముందు లైసెన్సుగల పనివానిచేత దానిని బాగుచేయించితిమి. మఱిది కోరిన తళతళ దానికి రాలేదు; రాకుండుటయే మేలని పనివాడు చెప్పెను. మెలికగొట్టపు పాతరంగును గీకివేసినచో లోహము పలుచబడును, వెలయు పోవును. ఆతడు తుప్పునకు నూనె పూసి కొన్ని దినములు నాననిచ్చి మెల్లగా తుడిచెను. వదులైన మరలు బిగించెను. మడమకు అవిసెనూనె పట్టించెను. గుంటలు మాత్రము గుంటలుగానే యున్నవి.

ఇట్టి వస్తువున్న యింటి సోదరీమణులకు మేము నేర్చుకొన్న నాలుగు మాటలు చెప్పి ముగింతుము. తుపాకిని ఇత్తడిచెంబువలె చింతపండుతోగాని, ఇటుకపొడితోగాని తోమరాదు. పులుపు ఇనుమును తినును. తోలు ఒరలో సంవత్సరముల తరబడి ఉంచరాదు. తోలు తడిని పీల్చి గొట్టమునకు పట్టించును. పూజలో పెట్టిన బొట్టును ఆ సాయంకాలమే తుడిచి నూనెగుడ్డ రాయవలెను. పాత తూటాలు కనబడినచో పొయ్యిలోను చెత్తలోను వేయక, పోలీసులకో వర్తకునకో అప్పగింపవలెను. తుపాకియు తూటాలును ఒకే బీరువాలో ఉండరాదు.

వ్యవహారమున ముఖ్యమైనది, పెద్దలు జీవించియుండగనే ఆలోచించుట. 2016వ సంవత్సరపు నిబంధనలనుబట్టి, లైసెన్సుదారునకు డెబ్బదియేండ్లు నిండినను, ఆ తుపాకి ఆయనవద్ద ఇరువదియైదేండ్లున్నను, బ్రతికియుండగనే వారసునిపేర లైసెన్సు కోరవచ్చును. మామగారికి ఈ సంగతి తెలిసియుండినచో మాకింత తిరుగుడు తప్పియుండును. 2019వ సంవత్సరపు సవరణ తరువాత ఒకరికి రెండు తుపాకులకు మించి యుండరాదు. పెద్దలనుండి వచ్చినవియు ఆ లెక్కలోనివే. లైసెన్సుగలవారు తమ తుపాకిని వేఱొక లైసెన్సుదారునకు తామే అమ్మదలచినచో, నలువదియైదు దినములు ముందుగా అధికారులకు వ్రాసి తెలుపవలెను.

2024వ సంవత్సరపు మహానవమినాడు గోడమీద తుపాకి యుండినచోట సున్నము తెల్లగా మిగిలియుండెను. పూజకు కత్తిపీట, కత్తెర, కుట్టుమిషను, పిల్లల సైకిలు పెట్టితిమి. అత్తగారు లోనికిపోయి, తన పెట్టె అడుగునుండి ఇత్తడి నూనెబుడ్డి యొకటి తెచ్చి వాని ప్రక్కన నుంచిరి. తుపాకితో అమ్మనిది, ఎవరును అడుగనిది అదియొక్కటే. దానికి మేము పసుపు పెట్టితిమి. సాయంకాలము మఱువక తుడిచితిమి.